పిల్లల ఆపరేషన్: ఎక్కడ అడగాలి, ఎక్కడ చెప్పాలి

పిల్లల సర్జరీ వార్డులో నర్సుని. ఆపరేషన్ రోజు పొద్దున్నే తల్లిదండ్రుల నోట తరచూ వినే మాట, "వెళ్దామా కన్నా?" వాడు వద్దంటాడు. అయినా ఎత్తుకుని థియేటర్‌కి తీసుకెళ్తారు. వద్దంటే ఆగే ఉద్దేశం లేనప్పుడు అడగకండి, "ఇప్పుడు వెళ్తున్నాం" అని చెప్పండి. అడగాల్సినవి వేరే ఉన్నాయి.

ముందుగా, ఏవి మార్చలేమో మీరు తెలుసుకోండి. మెలిపడిన వృషణాన్ని ఆరు గంటల లోపు సరిచేస్తేనే దక్కే అవకాశం ఎక్కువ. అక్కడ చర్చకు టైమ్ ఉండదు. మత్తుకు ముందు ఆరు గంటలు అన్నం తినకూడదన్నదీ అంతే. మాస్క్‌తో నిద్రపుచ్చాలా, సెలైన్ సూదితోనా, ఏ చేతికి గుచ్చాలి, లోపలిదాకా ఎవరు రావాలి అన్నవి మాత్రం చాలాసార్లు పిల్లలకే వదిలేయొచ్చు. మత్తు డాక్టరుని ముందే అడగండి. సూది భయం ఉంటే చర్మం మొద్దుబారే క్రీమ్ ఉంటుంది, కానీ గంట ముందు రాయాలి.

నాలుగైదేళ్ల వాళ్లకి ఒకటి రెండు రోజుల ముందు చెబితే చాలు, అంతకన్నా ముందైతే బెంగ పెట్టుకుంటారు. ఏడెనిమిదేళ్లు దాటితే వారం ముందు. పదమూడు, పద్నాలుగేళ్ల వాళ్లకైతే ఆపరేషన్ మాట డాక్టరు ఎత్తిన రోజు నుంచే తెలియాలి.

అసలు కష్టం ఈ వయసు వాళ్లతోనే. వెన్ను వంకర 45, 50 డిగ్రీలు దాటిన అమ్మాయికి ఆపరేషన్ చేద్దామంటారు. అమ్మానాన్నలు రిస్క్ గురించి అడుగుతారు. ఆ పిల్ల మనసులో ఉన్నవి వేరు: మచ్చ మెడ దాకా వస్తుందా? బట్టలు ఎవరు మారుస్తారు? యూరిన్ పైపు పెడతారా? మధ్యలో మెలకువ వస్తే? మళ్లీ డాన్స్ ఎప్పుడు? ఇవన్నీ ఫోన్‌లో రాసుకుని రమ్మనండి. డాక్టరుకి ఎదురు కుర్చీలో తననే కూర్చోబెట్టండి, మీరు పక్కన కూర్చోండి. ప్రశ్న తనని అడిగితే జవాబు మీరు అందుకోకండి. ఇది చెప్పినంత తేలిక కాదు, నాకు తెలుసు.

డాక్టరు మిమ్మల్ని ఓ ఐదు నిమిషాలు బయట ఉండమంటే నొచ్చుకోకండి. సిగరెట్ తాగావా, పీరియడ్ ఎప్పుడొచ్చింది లాంటివి మత్తుకు ముందు నిజంగా తెలియాలి. మీ ముందు నిజం రాకపోవచ్చు.

"అర్థమైందా?" అంటే అందరూ తలూపుతారు. "మీ ఫ్రెండ్ అడిగితే నీకేం చేస్తున్నారని చెప్తావ్?" అనండి. ఎక్కడ తడబడతారో అక్కడ మళ్లీ చెప్పాలి. కొందరు మాత్రం "నాకు చెప్పొద్దు, మీరే చూసుకోండి" అంటారు. అదీ వాళ్ల నిర్ణయమే, బలవంతంగా వీడియోలు చూపించకండి.

వద్దంటే? ఏది వద్దో విడదీయండి. చాలాసార్లు వద్దన్నది సూదిని, లేదా స్కూల్ పరీక్షల ముందు వచ్చిన ఆ తేదీని. తొందర లేని ఆపరేషనైతే తేదీ మార్చమని అడగడంలో తప్పేం లేదు. సంతకం ఏ వయసు నుంచి చెల్లుతుందన్నది ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది గానీ, తమ గురించిన విషయాల్లో తమ మాట చెప్పుకునే హక్కు పిల్లలకుందని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణంలోనే రాశారు. వయసుని, పరిణతిని బట్టి ఆ మాటకి విలువివ్వాలని కూడా.

ఆపరేషన్ అయ్యాక నొప్పి పదికి ఎంతుందని వాళ్లనే అడుగుతాం. "ఎనిమిది" అంటే, దయచేసి పక్కనుంచి "అంత లేదులే సిస్టర్" అనకండి.