ఇంట్లో వీఎంలు నడిపే కంప్యూటర్‌కి పార్ట్స్ ఎలా ఎంచుకోవాలి? ముందు ర్యామ్ లెక్క వేయండి

చాలామంది ముందు ప్రాసెసర్ ఏది కొనాలా అని మొదలుపెడతారు, నేనూ అలాగే చేశా. ఎనిమిది కోర్ల ప్రాసెసర్ మీద డబ్బంతా పెట్టేసి ర్యామ్ మాత్రం 16 జీబీతో సరిపెట్టా. మూడో వర్చువల్ మెషీన్ (వీఎం, అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్) ఆన్ చేయగానే మౌస్ కూడా కదల్లేదు, ఎలాగోలా టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే సీపీయూ ఖాళీగా కూర్చుంది, మెమరీ నిండిపోయి డిస్క్ మాత్రం ఆగకుండా కొట్టుకుంటోంది. అప్పట్నుంచి ఎవరడిగినా ర్యామ్ నుంచే మొదలుపెట్టమంటా.

ఎందుకంటే ఒక కోర్‌ని నాలుగు వీఎంలు వంతులవారీగా వాడేసుకుంటాయి, పెద్ద నొప్పి తెలీదు. ర్యామ్ అలా కాదు, ఒక వీఎం పట్టుకున్న మెమరీ ఇంకోదానికి అంత తేలిగ్గా దొరకదు. బెలూనింగ్ (ఒక వీఎం వాడని మెమరీని వెనక్కి తీసుకునే పద్ధతి) లాంటివి ఉన్నాయి కానీ వాటిని నమ్ముకుని ర్యామ్ తగ్గించి కొనడం మంచి ఐడియా కాదు.

స్టెప్ 1: కాగితం మీద లెక్క

మీ దగ్గర ఎన్ని వీఎంలు ఉంటాయి అని కాదు, ఒకేసారి ఎన్ని ఆన్‌లో ఉంటాయి అని రాసుకోండి. విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ చెప్పే కనీసం 4 జీబీయే, కానీ దాంతో బ్రౌజర్ తెరిస్తే చాలు మూలుగుతుంది, 8 ఇవ్వండి. డెస్క్‌టాప్ ఉన్న లినక్స్‌కి 4, డెస్క్‌టాప్ లేని సర్వర్‌కి 1 లేదా 2 చాలు. హోస్ట్‌కి, అంటే అసలు కంప్యూటర్‌కి, ఇంకో 8 పక్కన పెట్టండి. ఒక విండోస్, ఒక లినక్స్ డెస్క్‌టాప్, రెండు చిన్న సర్వర్లు అనుకుంటే 8+8+4+4, మొత్తం 24. అంటే 32 జీబీ కొనాలి. కుబర్నెటిస్ (చాలా మెషీన్ల మీద కంటైనర్ యాప్‌లు నడిపే సాఫ్ట్‌వేర్) నేర్చుకోవాలి, దానికి మూడు నోడ్లు, అంటే మూడు వీఎంలు, పెట్టాలి, పక్కన విండోస్ సర్వర్ కూడా కావాలి అంటే మాత్రం నేరుగా 64కి వెళ్లిపోండి, మధ్యలో ఆగితే ఆరు నెలల్లో మళ్లీ కొంటారు. స్టోరేజ్‌కి జెడ్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ వాడే ఆలోచన ఉంటే అది క్యాష్ కోసం ర్యామ్ బాగానే తింటుంది, దాని వాటా కూడా కలపండి.

కొనేటప్పుడు ఒక చిన్న మెలిక ఉంది. డీడీఆర్5లో నాలుగు స్లాట్లూ నింపితే స్పీడ్ బాగా పడిపోతుంది, రైజెన్ 7000 సిరీస్‌కి ఏఎండీ చెప్పే అధికారిక లెక్క ప్రకారమే రెండు స్టిక్‌లతో 5200, నాలుగు పెడితే 3600. అందుకని 64 కావాలంటే 16వి నాలుగు కాదు, 32వి రెండు తీసుకోండి. ఈసీసీ ర్యామ్, అంటే తప్పుల్ని తానే పట్టి సరిచేసే ర్యామ్, ఉంటే మంచిదే, కానీ ప్రాసెసర్, బోర్డ్ రెండూ సపోర్ట్ చేయాలి, నేర్చుకోడానికి పెట్టుకునే ల్యాబ్‌కి అది లేకపోయినా ఏం కాదు. డీడీఆర్5లో ఈసీసీ ఉందిగా అంటారు కొందరు, అది చిప్ లోపలి సంగతి, చిప్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య దారిలో వచ్చే తప్పుల్ని అది పట్టుకోదు.

స్టెప్ 2: ప్రాసెసర్

వర్చువలైజేషన్ సపోర్ట్ ఉందా అని భయపడక్కర్లేదు, ఇంటెల్ వీటీ-ఎక్స్ 2005లో, ఏఎండీ-వీ 2006లో వచ్చాయి, ఇప్పుడు కొనే డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో అది మామూలే. గ్రాఫిక్స్ కార్డో నెట్‌వర్క్ కార్డో నేరుగా వీఎంకి ఇచ్చే పాస్‌త్రూ కావాలంటే మాత్రం ఇంటెల్‌లో వీటీ-డీ, ఏఎండీలో ఐఓఎంఎంయూ అనే పేరు వెతకండి. పైన రాసుకున్న లెక్కకి ఆరు కోర్లు, 12 థ్రెడ్లు హాయిగా సరిపోతాయి, రోజంతా కోడ్ కంపైల్ చేసే వీఎంలు అయితేనే ఎక్కువకి వెళ్లండి.

ఇంటెల్ 12వ తరం నుంచి చాలా మోడల్స్‌లో పెద్ద కోర్లు, చిన్న కోర్లు అని రెండు రకాలు కలిసి వస్తున్నాయి. విండోస్, కొత్త లినక్స్ వీటితో సర్దుకుపోతాయి, వీఎంలు నడపడానికే ఉన్న ప్రాక్స్‌మాక్స్ కూడా లినక్సే కాబట్టి నడుస్తుంది, అదే పనికి వీఎంవేర్ చేసిన ఈఎస్ఎక్స్ఐ మాత్రం అన్ని కోర్లూ ఒకేలా ఉండాలని పట్టుబడుతుంది, సెట్టింగ్ మార్చకపోతే బూట్ అవుతూనే పర్పుల్ స్క్రీన్ చూపించి ఆగిపోతుంది. ఈఎస్ఎక్స్ఐ నేర్చుకోవడమే మీ పని అయితే ఒకే రకం కోర్లున్న ప్రాసెసర్ తీసుకుంటే గొడవ ఉండదు. ఇంటెల్ మోడల్ నంబర్ చివర ఎఫ్ ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు, అదీ చూసుకోండి.

స్టెప్ 3: మదర్‌బోర్డ్

కొనకముందే కంపెనీ సైట్‌లో ఆ బోర్డ్ మాన్యువల్ దించుకుని చదవండి, పెట్టె విప్పాక చదివితే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. చూడాల్సింది గరిష్ఠంగా ఎంత ర్యామ్ పడుతుంది, ఎం.2 స్లాట్లు (ఎస్ఎస్‌డీని నేరుగా బోర్డ్ మీద పెట్టేవి) కనీసం రెండు ఉన్నాయా, రెండో ఎం.2 వాడితే సాటా పోర్టులు (వైర్‌తో డిస్క్‌లు తగిలించేవి) ఏవైనా ఆగిపోతాయా. పాస్‌త్రూ చేసేవాళ్లకి ఐఓఎంఎంయూ గ్రూపులు, అంటే విడదీయడానికి వీల్లేకుండా కట్టగట్టిన డివైస్‌ల గుంపులు, ఇంకో తలనొప్పి, ఒకే గ్రూపులో ఉన్న డివైస్‌లన్నీ కలిపే వీఎంకి ఇవ్వాలి, ఒకటి ఇచ్చి ఇంకోటి హోస్ట్ దగ్గర ఉంచుకుంటా అంటే కుదరదు. ఇది మాన్యువల్‌లో రాయరు, అదే బోర్డ్ వాడిన వాళ్లు పెట్టిన లిస్ట్ వెతుక్కోవాల్సిందే. నెట్‌వర్క్ చిప్ ఇంటెల్‌ది అయితే ఈఎస్ఎక్స్ఐతో ఇబ్బంది తక్కువ, రియల్‌టెక్‌కి అందులో డ్రైవర్ లేక చాలామంది ఇన్‌స్టాల్ దగ్గరే ఆగిపోయారు.

స్టెప్ 4: డిస్క్

ర్యామ్ తర్వాత స్పీడ్ తేలేది ఇక్కడే. నాలుగు వీఎంలు ఒకేసారి బూట్ అవుతుంటే డిస్క్‌కి చిన్నచిన్న రిక్వెస్ట్‌లు నాలుగు వైపుల నుంచీ వస్తాయి, 7200 ఆర్‌పీఎం హార్డ్‌డిస్క్ సెకనుకి అలాంటివి ఓ వంద చేస్తే గొప్ప, ఎస్ఎస్‌డీ వేలకొద్దీ చేస్తుంది. సాటా ఎస్ఎస్‌డీ కూడా పనికొస్తుంది కానీ అది సెకనుకి 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది, ఎం.2 స్లాట్‌లో పెట్టే, ఇంకా వేగమైన ఎన్‌వీఎంఈ రకం తీసుకోండి. క్యూఎల్‌సీ (ఒక్కో సెల్‌లో నాలుగు బిట్లు దాచేది) కంటే టీఎల్‌సీ (మూడు బిట్లు దాచేది) రకం మేలు, వీఎంలు రాస్తూనే ఉంటాయి కదా, క్యాష్ నిండాక క్యూఎల్‌సీ నత్తలా అయిపోతుంది. ఒక్క విండోస్ 11కే కనీసం 64 జీబీ డిస్క్ అడుగుతారు, పైగా స్నాప్‌షాట్లు (వీఎం అప్పుడు ఎలా ఉందో దాచుకునేవి) తీసి మర్చిపోతాం, అవి చాటుగా పెరుగుతూ ఉంటాయి. 1 టీబీ కంటే తక్కువ వద్దు. కుదిరితే హోస్ట్‌కి చిన్నదొకటి, వీఎంలకి పెద్దదొకటి విడిగా పెట్టండి, హోస్ట్ పాడై మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా వీఎంలు భద్రంగా ఉంటాయి. పాత హార్డ్‌డిస్క్ ఏదైనా ఉంటే పారేయకండి, బ్యాకప్‌కి అదే దిక్కు, స్నాప్‌షాట్ అసలు డిస్క్ మీదే ఉంటుంది కాబట్టి ఆ డిస్క్ పోతే రెండూ పోతాయి.

గ్రాఫిక్స్ కార్డ్ గేమ్స్‌కో పాస్‌త్రూకో అయితే తప్ప అక్కర్లేదు, ప్రాసెసర్‌లో ఉన్నది చాలు. పాస్‌త్రూ చేస్తే కార్డ్ వీఎంకి పోతుంది, హోస్ట్ స్క్రీన్‌కి ప్రాసెసర్ గ్రాఫిక్స్ ఉంటే పని సులువు, మోడల్ చివర ఎఫ్ ఉందేమో చూసుకోమన్నది అందుకే. పవర్ సప్లై పేరున్నది తీసుకోండి, రోజంతా ఆన్‌లో ఉండే మెషీన్ అయితే పెద్ద ఫ్యాన్ ఉన్న కూలర్ పెట్టండి, రాత్రిళ్లు చప్పుడు లేకుండా ఉంటుంది.

స్టెప్ 5: బిగించాక

బయోస్‌లోకి వెళ్లి ఇంటెల్‌లో వర్చువలైజేషన్ టెక్నాలజీ, ఏఎండీలో ఎస్‌వీఎం మోడ్ ఆన్ చేయండి, చాలా బోర్డుల్లో ఇది ఆఫ్‌లోనే వస్తుంది, వీఎం స్టార్ట్ కావట్లేదని గంటలు పోగొట్టుకునేది దీని దగ్గరే. విండోస్ టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో సీపీయూ కింద వర్చువలైజేషన్ ఎనేబుల్డ్ అని కనిపించాలి. మైక్రోసాఫ్ట్ సొంత వీఎం సాఫ్ట్‌వేర్ హైపర్-వీ వాడాలంటే విండోస్ హోమ్ కాదు, ప్రో ఉండాలి, హోమ్‌లో వర్చువల్‌బాక్స్ నడుస్తుంది.

ఇవన్నీ అయ్యాక కూడా వీఎంలు ఎక్కించే ముందు ఒక రాత్రంతా మెమ్‌టెస్ట్ (ర్యామ్‌ని పరీక్షించే టూల్) పెట్టి వదిలేయండి. పొద్దున చూస్తే ఒక్క ఎర్రర్ ఉన్నా సరే, బయోస్‌లో ర్యామ్ స్పీడ్ ప్రొఫైల్ తీసేసి మళ్లీ ఒకసారి పెట్టండి, అప్పటికీ వస్తే స్టిక్‌లు ఒక్కొక్కటిగా పెట్టి ఏది పాడో తేల్చి వెంటనే మార్పించుకోండి.