పసిబిడ్డ గుండెలో రంధ్రం: ఎకో రిపోర్టులో ఏం చూడాలి, ఇంట్లో ఏం గమనించాలి

ఎకో (గుండె స్కానింగ్) రిపోర్టు చేతికి రాగానే మూడు సంగతులు వెతకండి: రంధ్రం ఏ గోడలో ఉంది, ఎన్ని మిల్లీమీటర్లు, గ్రేడియంట్ (రంధ్రానికి అటూ ఇటూ రక్తం ఒత్తిడిలో తేడా) ఎంత. పీఎఫ్‌ఓ అని మాత్రమే రాసుంటే కంగారు అక్కర్లేదు. కడుపులో ఉన్నప్పుడు ప్రతి బిడ్డకూ ఉండే దారే అది. పై గదుల మధ్య ఉంటే ఏఎస్‌డీ. 5 మిల్లీమీటర్ల లోపుదైతే చాలావరకు తనంతటే మూసుకుంటుంది, పెద్దదైనా పసితనంలో ఇబ్బంది పెట్టడం అరుదు. కింది గదుల మధ్యది వీఎస్‌డీ. కన్నేసి ఉంచాల్సింది దీనిమీదే.

వీఎస్‌డీలో చిన్న రంధ్రానికే స్టెతస్కోపులో వినిపించే చప్పుడెక్కువ, ఇరుకు సందులోంచి రక్తం జోరుగా చిమ్ముతుంది గనక. గ్రేడియంట్ ఎక్కువుండి 'రెస్ట్రిక్టివ్' (రక్తాన్ని ఎక్కువ పోనివ్వని ఇరుకు రంధ్రం) అని రాస్తే మంచిదే. పెద్ద రంధ్రం గుట్టుగా ఉంటుంది. పుట్టిన కొత్తలో ఊపిరితిత్తుల రక్తనాళాలు బిగుసుకుని ఉంటాయి కాబట్టి తేడా తెలీదు. అవి వదులయ్యేకొద్దీ రక్తం అటు మళ్లుతుంది. డిశ్చార్జి రోజు బాగున్న బిడ్డకు నెల, నెలన్నరకు ఆయాసం రావడం అందుకే.

అది మొదట బయటపడేది పాలు తాగేటప్పుడు. రెండు గుక్కలు తాగి రొమ్ము వదిలేస్తాడు, ఒగరుస్తాడు, మళ్లీ పడతాడు. అనంతపురం ఎండలకు చెమట మామూలేగా అంటారు పెద్దవాళ్లు. ఫ్యాను కింద కూడా, పాలు తాగేటప్పుడే నుదురు తడుస్తుంటే అది ఎండ చెమట కాదు. నిద్రలో పొట్ట ఎగిరిపడటాన్ని నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి. 2 నెలల లోపు 60, ఆపైన ఏడాది వరకు 50 చేరితే అదే రోజు డాక్టరుకు చూపించాలి. వారానికోసారి ఒకే త్రాసు మీద, బట్టల్లేకుండా బరువు చూడండి. మొదటి 3 నెలలు రోజుకు 20–30 గ్రాములు పెరగాలి.

అరగంట మించి చప్పరించనివ్వకండి, అలసటకే ఒంట్లో సత్తువ పోతుంది. మిగతా పాలు పిండి, తల కాస్త ఎత్తి ఉగ్గుగిన్నెతో పట్టండి. ఒంట్లో ఎక్కువైన నీటిని మూత్రంలో పంపే ఫ్యూరోసెమైడ్ మందు రాస్తే చెంచాతో కాదు, సిరంజితో కొలవాలి. ఆయాసం తగ్గిందని మీ అంతట మీరు మానొద్దు. టీకాలూ ఆపొద్దు. 6, 14 వారాలకు, 9 నెలలకు వేసే పీసీవీ (న్యుమోనియా టీకా) వీళ్లకు మరీ అవసరం. డొక్కలెగరేస్తున్నాయని వాతలు పెట్టించడం మాత్రం వద్దే వద్దు. ఆ పుండు చీము పడితే క్రిములు రక్తంలోంచి గుండెకూ పట్టొచ్చు.

మందులతో బరువు రాకపోతే పెద్ద వీఎస్‌డీకి ఆపరేషన్ మామూలుగా 3–6 నెలల వయసులోనే చేస్తారు. 'కాస్త పెద్దోడయ్యాక చూద్దాం' అంటే కుదరదు. పెద్ద రంధ్రమున్న బిడ్డకు ఏడాది దాటాక ఆయాసం తనంతట తగ్గితే సంబరపడొద్దు. ఊపిరితిత్తుల నాళాలు గట్టిపడుతున్నాయేమో వెంటనే చూపించాలి. అది ముదిరి పెదవులు నీలంగా మారాక రంధ్రం మూసే వీలే ఉండదు.

కడప వాళ్లకు తిరుపతిలో 2021లో మొదలైన టీటీడీ పద్మావతి హృదయాలయం, అనంతపురం వాళ్లకు పుట్టపర్తి సత్యసాయి ఆస్పత్రి దగ్గర. రేషన్ కార్డు, ఆధార్, ఎకో సీడీ, పుట్టినప్పటి బరువు రాసిన కార్డు వెంట ఉంచుకోండి. పాలు అసలు పట్టకపోయినా, కాళ్లూ చేతులూ చల్లబడి బిడ్డ వాలిపోయినా ఓపీ తేదీ దాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.