కొత్త రచయిత పుస్తకం పాఠకుడి చేతికి ఎలా చేరాలి?

పేరున్న రచయిత కొత్త పుస్తకం వస్తోందంటే పాఠకులే వెతుక్కుంటూ వెళ్తారు. పేరు లేనప్పుడు పుస్తకమే పాఠకుణ్ని వెతుక్కుంటూ వెళ్లాలి. ఈ తేడా పట్టించుకోకుండా కొత్తవాళ్లు కూడా పెద్ద రచయితల పద్ధతే పట్టుకుంటున్నారు. ఆవిష్కరణ సభ పెడతారు, పోస్టర్ వేయిస్తారు, ‘వచ్చేసింది’ అని ప్రకటిస్తారు. నెల తిరిగేసరికి పుస్తకాల కట్టలు విప్పకుండానే ఇంట్లో ఉంటాయి. ప్రచురణ పనిలో ఉన్నందువల్ల మంచి పుస్తకాలు ఇలా మూలపడటం చాలాసార్లు చూశాను. చూసిన ప్రతిసారీ బాధేస్తుంది, ఎందుకంటే చాలావరకు ఇది తప్పించగలిగేదే.

పేరు ఎంత పని చేస్తుందో తెలియాలంటే ఒక్క ఉదాహరణ చాలు. హ్యారీ పోటర్ నవలల రచయిత్రి జె.కె. రౌలింగ్ 2013లో రాబర్ట్ గాల్‌బ్రెయిత్ అనే మారుపేరుతో ఒక డిటెక్టివ్ నవల వేశారు. సమీక్షలు బాగానే వచ్చాయి గానీ అమ్మకాలు అంతంతమాత్రం. కొన్ని నెలలకు ఆ పేరు వెనక ఉన్నది ఎవరో ఒక పత్రిక బయటపెట్టింది. అంతే, అదే నవల అమ్మకాల జాబితాల్లో మొదటి స్థానానికి ఎక్కింది. కథలో మాత్రం ఏమీ మారలేదు. మీ పుస్తకానికి ఆ పేరు బలం లేదు కాబట్టి, ఆ పని చదివినవాళ్ల నోటిమాట చేయాలి. కింద చెప్పేదంతా ఆ నోటిమాట మొదలవడానికే.

ముందుగా పుస్తకం సిద్ధంగా ఉండాలి. ప్రూఫులు మీరు కాక ఇంకొకరు చూడాలి. పుస్తకాన్ని గుర్తుపట్టే 13 అంకెల సంఖ్య, ఐఎస్‌బీఎన్, తీసుకోండి, షాపులకూ లైబ్రరీలకూ అది కావాలి. అట్ట మీద పుస్తకం పేరు ఫోన్ తెర మీద చిన్న బొమ్మగా చూసినా చదవగలిగేలా ఉండాలి. అచ్చు పుస్తకంతో పాటు ఈబుక్ కూడా ఉంచండి. కొనడానికి ఒకే లింక్ ఇవ్వండి, నాలుగు ఇస్తే ఏదీ నొక్కరు.

వెనక అట్ట మీద మీ ఫొటో, డిగ్రీలు, అవార్డులు వేయొద్దు. మీరెవరో తెలియని మనిషికి అవి ఏమీ చెప్పవు. కథ ఎక్కడ ముడిపడుతుందో ఐదు వాక్యాల్లో చెప్పి ఆపేయండి. ముందుమాటలు మూడు వేయించే అలవాటు కూడా మానుకోండి. కొత్త పుస్తకానికి ఒక్కటి కూడా ఎక్కువే.

తర్వాత ఒక అధ్యాయం ఎంచుకోండి, నమూనాగా చూపించడానికి. అది మొదటి అధ్యాయమే కానక్కర్లేదు. ముందు కథ తెలియకపోయినా అర్థమయ్యేది, చదివాక ‘తర్వాత ఏమైంది?’ అనిపించేది తీసుకోండి.

ఇప్పుడు అసలు పని. అందరూ చెడగొట్టేది ఇక్కడే, అందుకే దీని గురించి వివరంగా చెబుతాను. మీ తొలి పాఠకులను వెతికి, వాళ్లకు ఒక్కొక్కరికీ విడిగా ఉత్తరం రాయాలి.

ముప్పై మంది చాలు. అందులో బంధువులు, స్నేహితులు ఉండకూడదు. వాళ్లు మీ మీద ప్రేమతో కొంటారు, పుస్తకం మీద ఇష్టంతో ఇంకొకరికి చెప్పరు. తోటి రచయితలూ వద్దు, వాళ్ల దగ్గర చదవాల్సినవి ఇప్పటికే పేరుకుపోయి ఉంటాయి. మీరు రాసిన లాంటి పుస్తకాన్ని ఇంతకుముందు చదివి, దాని గురించి నలుగురితో మాట్లాడినవాళ్లు కావాలి. పాఠకుల గ్రూపుల్లో ఒక పుస్తకం గురించి పట్టుబట్టి వాదించేవాళ్లు ఉంటారు, వాళ్లను చూడండి. లైబ్రరీలో పనిచేసేవాళ్లు, పుస్తకాల క్లబ్ నడిపేవాళ్లు కూడా పనికొస్తారు.

ఉత్తరం విషయానికి వస్తే, సాధారణంగా వచ్చేది ఇలా ఉంటుంది: ‘మిత్రులారా, నా మొదటి నవల విడుదలైంది. కొని, చదివి, మీ అమూల్యమైన అభిప్రాయం తెలపగలరు.’ ఇది ఎవరికి రాసినట్టు? ఎవరికీ కాదు. అందుకే ఎవరూ జవాబివ్వరు.

మీ నవల నైట్ డ్యూటీ చేసే నర్సు కథ అనుకోండి. అప్పుడు ఇలా రాయాలి: ‘నమస్కారమండీ. ఆసుపత్రి నవలల గురించి మీరు రాసింది చదివాను. వాటిలో అంతా డాక్టర్ల కథే గానీ నర్సుల ఊసే ఉండదన్నారు. నేను రాసింది ఒక నర్సు కథ. ఒక అధ్యాయం పంపమంటారా? నచ్చకపోతే పక్కన పెట్టేయండి, ఏమీ అనుకోను.’

ఇందులో మొదటి విషయం వాళ్ల మాట, మీ పుస్తకం కాదు. వాళ్లు నిజంగా ఏమన్నారో చదవకుండా ఈ వాక్యం రాయలేరు, రాసినా అబద్ధమని తెలిసిపోతుంది. రెండోది, పుస్తకం దేని గురించో ఒక్క ముక్కలో ఉంది. మూడోది, అడిగింది ఒక్క అధ్యాయం చదవమనే. కొనమనలేదు, సమీక్ష రాయమనలేదు. చివరిది, కాదనడానికి వీలిచ్చారు. మొహమాటం లేకుండా చదివిన మనిషి మాటకే విలువ.

జాగ్రత్తలు చాలా ఉన్నాయి. అడక్కుండా పీడీఎఫ్ పంపొద్దు. ఒకరికి రాసింది కాపీ చేసి ఇంకొకరికి పంపొద్దు. ఆ ఇద్దరూ ఒకే గ్రూపులో ఉంటే అక్కడితో మీ పని అయిపోయినట్టే. ఉత్తరం ఫోన్ తెర మీద జరపకుండా కనిపించేంత ఉండాలి. రోజుకు రెండు మించి రాయొద్దు, మూడోది చప్పగా వస్తుంది.

పంపాక మౌనంగా ఉండండి. అందరికీ టెన్షన్ పెరిగేది ఇక్కడే. వారం గడవగానే ‘చదివారా?’ అని అడుగుతారు. అడగొద్దు. మీకు రెండేళ్ల పని అయినా, అవతలి మనిషికి అది తీరిక దొరికితే చేసే పని. గుర్తు చేస్తే బాకీ వసూలు చేసినట్టు ఉంటుంది. ముప్పై మందిలో కొందరు జవాబే ఇవ్వరు, వాళ్ల మీద మనసులో కోపం పెట్టుకోవద్దు.

ప్రకటనలు ఇస్తే సరిపోదా అని అడుగుతారు. పేరున్న రచయితకు ప్రకటన పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ ‘వచ్చింది’ అన్నదే వార్త. మీ విషయంలో అది వార్త కాదు, ముందు ఎవరో ఒకరు బాగుందని చెప్పాలి. ఇంగ్లిష్ పిల్లల రచయిత్రి బియాట్రిక్స్ పాటర్ రాసిన కుందేలు పిల్ల కథ (‘పీటర్ రాబిట్’) మొదలైంది కూడా 1893లో ఒక పిల్లవాడికి రాసిన బొమ్మల ఉత్తరంగానే. ప్రచురణకర్తలు కాదంటే 1901లో సొంత ఖర్చుతో 250 ప్రతులు వేసి తెలిసినవాళ్లకు ఇచ్చింది. 1902లో ఒక ప్రచురణ సంస్థే దాన్ని రంగుల బొమ్మలతో వేసింది.

జవాబులు రావడం మొదలయ్యాక, చదివినవాళ్లు ఎక్కడ ఆగిపోయారో అడగండి. బాగుందన్న మాట కంటే అది ఎక్కువ ఉపయోగం. అమెరికా రచయిత ఆండీ వీర్ తన అంగారక గ్రహం నవల ‘ది మార్షియన్’ను మొదట సొంత వెబ్‌సైట్‌లో అధ్యాయాలుగా పెట్టాడు. చదివినవాళ్లు సైన్స్ తప్పులు చెబితే దిద్దుకున్నాడు, ఈబుక్‌గా పెట్టమని అడిగిందీ వాళ్లే. 2014లో పెద్ద ప్రచురణ సంస్థ అచ్చు వేసేనాటికి దానికి పాఠకులు ఉన్నారు.

ఎవరైనా ఇంకొకరికి చెప్పామని రాస్తే, ఆ రెండో మనిషి అడిగేసరికి పుస్తకం దొరకాలి. ‘స్టాక్ లేదు’ అన్న మాట వినబడితే మళ్లీ అడగరు. పేర్లన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి, ఎవరికి ఏ అధ్యాయం నచ్చిందో పక్కనే రాయండి. రెండో పుస్తకం వచ్చినప్పుడు ముందు వీళ్లకే చెప్పాలి, అదీ ఒక్కొక్కరికీ విడిగానే.