సైన్యం డిజెబిలిటీ పెన్షన్: ఒకసారి కాదన్నాక మళ్లీ అడిగే విధానం

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల మాజీ సైనికులు డిజెబిలిటీ పెన్షన్ గురించి అడగడానికి వచ్చినప్పుడు సంచిలోంచి మొదట తీసేది సదరం సర్టిఫికెట్. మోకాలు అరిగిందనో, వినికిడి పోయిందనో ప్రభుత్వాసుపత్రిలో శాతం వేసి ఇచ్చిన కాగితం అది. "ఇది పెడితే మిలటరీ పెన్షన్ పెరుగుతుంది" అని ఎవరో చెప్పి ఉంటారు. ఆ మాట చెప్పినందుకు డబ్బు కూడా తీసుకుని ఉంటారు. ఆ కాగితంతో మిలటరీ పెన్షన్ పెరగదు. సదరం రాష్ట్ర ప్రభుత్వ పింఛనుకు, బస్సు రాయితీ లాంటి వాటికి పనికొస్తుంది. సైన్యం లెక్క వేరు. సర్వీసు నుంచి బయటికి వచ్చే ముందు సైనిక ఆసుపత్రిలో మిమ్మల్ని పరీక్షించిన మెడికల్ బోర్డు (సైనిక డాక్టర్ల బృందం) ఏం రాసిందో, అక్కడ లెక్కకు ఆధారం అదే. కార్పొరేట్ ఆసుపత్రి రిపోర్టులైనా, ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) పాలీక్లినిక్ డాక్టర్ రాసిచ్చిన కాగితమైనా ఆ బోర్డు కాగితానికి బదులు కావు.

ఇక్కడ చెప్పేది 2023 సెప్టెంబరు 21కి ముందు సైన్యం నుంచి వచ్చినవాళ్ల కోసం. ఆ తేదీ నుంచి కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చాయి, వాటి లెక్క కొంత మారింది. పాతవాళ్లకు పాత నిబంధనలే.

అర్హతకు రెండు షరతులు. జబ్బో గాయమో సైనిక సేవ వల్ల వచ్చి ఉండాలి, లేదా సేవ వల్ల ముదిరి ఉండాలి. బోర్డు వేసిన శాతం 20 లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి. అనారోగ్యం కారణంగా మధ్యలోనే ఇంటికి పంపేసిన వాళ్ల విషయంలో 2014లో సుఖ్వీందర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఒక మంచి మాట చెప్పింది. ఉద్యోగం చేయలేడని పంపేశారంటే ఆ వైకల్యం 20 శాతం పైనే ఉందని అనుకోవాలని. బోర్డు 11 నుంచి 14 శాతం అని రాసి ఇంటికి పంపిన కుర్రాళ్లు ఈ తీర్పు గుర్తుపెట్టుకోవాలి.

ఎంత వస్తుందంటే, నూరు శాతం వైకల్యానికి చివరి జీతంలో 30 శాతం. తక్కువ వైకల్యానికి ఆ నిష్పత్తిలో తగ్గుతుంది. అయితే బ్రాడ్ బ్యాండింగ్ అనే పద్ధతిలో 50 కంటే తక్కువ శాతాన్ని 50గా, 50 నుంచి 75 దాకా 75గా, 76 నుంచి పైకి 100గా లెక్కిస్తారు. చివరి జీతం 40,000 రూపాయలు, బోర్డు వేసింది 20 శాతం అనుకుందాం. దాన్ని 50గా లెక్కిస్తే నెలకు 6,000 రూపాయలు, దాని మీద డీఆర్ (కరువు భత్యం). మామూలు సర్వీస్ పెన్షన్‌కు ఇది అదనం. సర్వీసు పూర్తి చేసి రిటైరైన వాళ్లకూ ఈ రౌండింగ్ వర్తిస్తుందని 2014 డిసెంబరు 10న రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కానీ అడగకుండా ఇంటికి నడిచి వస్తుందని ఎదురుచూడకండి. ఇప్పటికే 20, 30 శాతం దగ్గరే డిజెబిలిటీ ఎలిమెంట్ (వైకల్యానికి అదనంగా వచ్చే ఈ భాగం) తీసుకుంటున్న వాళ్లు ఒకసారి పీపీఓ (పెన్షన్ మంజూరు ఉత్తర్వు) తీసి చూసుకోవడం మంచిది.

మామూలు కాగితాల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. డిశ్చార్జ్ బుక్, పీపీఓ, ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్, స్పర్శ్ (రక్షణ శాఖ పెన్షన్ వెబ్‌సైట్) లాగిన్. జిరాక్సులు తీసి ఒక ఫైల్లో పెట్టుకోండి. దరఖాస్తు వెళ్లాల్సింది మీ విభాగం సర్వీసు ఫైళ్లు ఉండే రికార్డ్ ఆఫీసుకి. ఈఎంఈ, ఆర్డినెన్స్ వాళ్లకు సికింద్రాబాద్, ఆర్టిలరీకి నాసిక్ రోడ్, మద్రాస్ రెజిమెంట్‌కు వెల్లింగ్టన్, సిగ్నల్స్‌కు జబల్‌పూర్, మెడికల్ కోర్‌కు లక్నో. నేవీ వాళ్లు ముంబయిలోని సెయిలర్స్ బ్యూరోకి, ఎయిర్ ఫోర్స్ వాళ్లు ఢిల్లీలోని ఎయిర్ వెటరన్స్ డైరెక్టరేట్‌కి రాయాలి. బెంజ్ సర్కిల్ దగ్గరో బ్రాడీపేటలోనో కంప్యూటర్ పెట్టుకుని కూర్చున్న ఏ మనిషికీ ఈ ఆఫీసుల్లోని మీ ఫైలు మీద అధికారం లేదు. ఆయన పంపేది కూడా పోస్టులోనే.

అందరూ ఆగిపోయే కాగితం

దాని పేరు ఏఎఫ్ఎంఎస్ఎఫ్-16. మీ రిలీజ్ మెడికల్ బోర్డు (సర్వీసు ముగిసి వచ్చేటప్పుడు జరిగేది) లేదా ఇన్‌వాలిడేషన్ మెడికల్ బోర్డు (అనారోగ్యంతో మధ్యలో పంపేసేటప్పుడు జరిగేది) ప్రొసీడింగ్స్ ఈ ఫారంలోనే ఉంటాయి. చాలామంది దగ్గర ఇది ఉండదు. బయటికి వచ్చే రోజుల్లో సంతకాలు పెట్టించుకున్న కాగితాల దొంతరలో అదొకటి. ఇంటికి వెళ్తున్నామన్న ఆనందంలో ఎవరూ చదవరు. కాపీ ఇచ్చినా అది ఏ ట్రంకు పెట్టెలో ఉందో తెలియదు. ఈ కాగితం చూడకుండా రాసే ఏ అప్పీలైనా గుడ్డిగా రాసినట్టే.

కాపీ లేకపోతే ఆర్‌టీఐ కింద మీ రికార్డ్ ఆఫీసును అడగండి. ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. అడిగేటప్పుడు "నా మెడికల్ కాగితాలు" అని పొడిగా రాయవద్దు. ఏఎఫ్ఎంఎస్ఎఫ్-16 అన్ని పేజీలు, భర్తీ రోజున జరిగిన వైద్య పరీక్ష రిపోర్టు, డిజెబిలిటీ పెన్షన్ తిరస్కరిస్తూ పంపిన లేఖ, షీట్ రోల్ (సర్వీసు రికార్డు)లో పోస్టింగుల వివరాలు అని విడివిడిగా అడగండి. గాయం కేసైతే ఐఏఎఫ్‌వై-2006 అనే ఇంజురీ రిపోర్టు, కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ (సైన్యం జరిపే విచారణ) జరిగి ఉంటే దాని తీర్మానం కూడా. ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు డిశ్చార్జ్ బుక్‌లో ఎలా ఉన్నాయో అక్షరం తేడా లేకుండా అలాగే రాయండి. ఆధార్‌లో ఇంటిపేరు ముందుండి, సర్వీసు రికార్డులో అసలు లేకపోవడం మన జిల్లాల్లో మామూలే. సర్వీసు రికార్డులో ఉన్న పేరే ఇక్కడ వాడాలి.

పెన్షన్ లేకుండా వచ్చేసిన వాళ్లు ఆలస్యం చేయకండి. అలాంటివాళ్ల సర్వీసు ఫైళ్లను 25 ఏళ్ల తర్వాత నాశనం చేసే నిబంధన ఉంది. ఆ తర్వాత లాంగ్ రోల్ అనే రిజిస్టరులో నాలుగు ముక్కలు మిగులుతాయి. బోర్డు ఏం రాసిందో నిరూపించడం కష్టమవుతుంది.

కాపీ చేతికొచ్చాక మొదట శాతం కోసం వెతకకండి. అందరూ చేసేది అదే. కాంపోజిట్ అసెస్‌మెంట్ అనే చోట 40 శాతం అని కనిపించగానే మన పని అయిపోయిందనుకుంటారు. దాని కిందే నెట్ అసెస్‌మెంట్ అని ఇంకో గడి ఉంటుంది. పెన్షన్‌కు లెక్కలోకి వచ్చేది అదే. అక్కడ "నిల్" అని ఉంటే పైన 40 ఉన్నా 70 ఉన్నా రూపాయి రాదు. అది నిల్ ఎందుకయిందో తెలియాలంటే బోర్డు అభిప్రాయం రాసిన పట్టికకు వెళ్లాలి. అందులో ఒక్కో జబ్బుకు ఎదురుగా సేవ వల్ల వచ్చిందా, సేవ వల్ల ముదిరిందా అని రెండు గడులు. రెండింట్లోనూ "నో" ఉంటే దాన్నే మనవాళ్లు నానా (ఎన్‌ఏఎన్‌ఏ, అంటే సేవ వల్ల రాలేదు, ముదరనూ లేదు) కేసు అంటారు. ఆ పక్కన కారణం ఒకటి రెండు వాక్యాల్లో ఉంటుంది. మీ కేసంతా ఆ రెండు వాక్యాల మీదే నడుస్తుంది.

బీపీ, షుగర్, గుండె జబ్బు, నడుములో డిస్క్ జారడం లాంటి కేసుల్లో ఎక్కువగా కనిపించే కారణం ఒకటే. జబ్బు పీస్ స్టేషన్‌లో (సరిహద్దుకు దూరంగా ఉండే ప్రశాంత ప్రాంతపు పోస్టింగులో) మొదలైంది, ఫీల్డ్ సర్వీసుకో ఎత్తయిన ప్రాంతాల సర్వీసుకో దగ్గరి సంబంధం లేదు అని. దీన్ని చదివి చాలామంది డీలా పడిపోతారు. డాక్టర్లే రాశారు కదా, ఇంకేం చేస్తాం అనుకుంటారు. అలా వదిలేయాల్సిన పనిలేదు. 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: భర్తీ అయినప్పుడు మనిషి ఆరోగ్యంగా ఉన్నాడని, ఆనాటి కాగితాల్లో జబ్బేమీ రాయలేదని తేలితే, తర్వాత వచ్చిన జబ్బు సేవ వల్ల వచ్చినట్టే భావించాలి. కాదని నిరూపించే భారం సైన్యానిది, సైనికుడిది కాదు. బోర్డు ఊరికే కాదంటే చాలదు, ఎందుకు కాదో కారణాలు చెప్పాలి. భర్తీ నాటి రిపోర్టు అడగమన్నది ఇందుకే.

కాబట్టి అప్పీలులో బాధలన్నీ ఏకరువు పెట్టకుండా ఆ రెండు వాక్యాలకు జవాబు చెప్పాలి. జబ్బు మొదట ఏ నెలలో, ఏ ఊళ్లో బయటపడిందో బోర్డు కాగితంలోనే ఉంటుంది. దాని పక్కన మీ పోస్టింగులు పెట్టి చూడండి. లద్దాఖ్ కొండల్లోని ద్రాస్‌లో రెండేళ్లు చేసి, దిగి వచ్చిన నాలుగైదు నెలలకు సికింద్రాబాద్‌లో బీపీ బయటపడిందనుకుందాం. కాగితం మీద అది పీస్ స్టేషన్ జబ్బే. కానీ ద్రాస్ పోస్టింగు తేదీలు పక్కన పెడితే కథ మారుతుంది. గుండె జబ్బయితే అది రావడానికి ముందు 14 రోజుల డ్యూటీ వివరాలు చూడాలని వైద్యాధికారుల మార్గదర్శకాల్లోనే ఉంది. మీ యూనిట్ నుంచి ఆ వివరాలు తెప్పించి చూశారో లేదో అడగండి. ఇదంతా ఒకటిన్నర పేజీలో సరిపోతుంది. ఇంగ్లీషులో రాయడం రాదని టెన్షన్ పడొద్దు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగితే రాయడానికి సాయం చేస్తారు, ఫీజేమీ ఉండదు.

అప్పీలు, ఆ తర్వాత

తిరస్కరణ లేఖ అందిన ఆరు నెలల్లోపు రికార్డ్ ఆఫీసు ద్వారా మొదటి అప్పీలు పెట్టాలి. అది కూడా కాదంటే మళ్లీ ఆరు నెలల్లో రెండో అప్పీలు. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. పాత ఊరి చిరునామాకు పంపిన లేఖ అందనే లేదని చాలామంది అంటారు. అది నిజమే అయ్యుండొచ్చు. అలాంటప్పుడు ఆర్‌టీఐలో కాపీ వచ్చిన తేదీ చెబుతూ, ఆలస్యాన్ని మన్నించమని అదే అప్పీలులో రాయండి. గడువు దాటిందని రికార్డ్ ఆఫీసు తిప్పి పంపితే ఆ లేఖను చించేయకండి. సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు వెళ్లేటప్పుడు అదే కావాలి. ఆరు నెలలైనా ఏ జవాబూ రాకపోతే, అప్పుడు కూడా ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు.

సాయుధ దళాల ట్రిబ్యునల్‌లో ఆంధ్రప్రదేశ్ చెన్నై బెంచ్ పరిధిలోకి వస్తుంది. "ఇరవై ఏళ్లయింది, ఇప్పుడెవరు వింటారు" అన్న దిగులు చాలా ఇళ్లలో వింటుంటాను. వింటారు. డిజెబిలిటీ పెన్షన్ ఇవ్వకపోవడం ప్రతి నెలా జరుగుతున్న అన్యాయం కిందే లెక్క అని 2008లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆలస్యం వల్ల హక్కు పోదు. పోయేది పాత బకాయిలు. కేసు వేసిన తేదీకి ముందు మూడేళ్ల వరకే సాధారణంగా ఎరియర్స్ ఇస్తారు. ఇంకో ఏడాది ఆగితే ఒక ఏడాది డబ్బు పోయినట్టే. సైనికుడు చనిపోయి ఉంటే భార్య, వారసులు కూడా ట్రిబ్యునల్‌కు వెళ్లే వీలు చట్టంలో ఉంది.

లాయరు ఖర్చు భరించలేని వాళ్లు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి. వికలాంగులకు, మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు చట్టంలోనే ఉంది. ఈ వ్యవహారంలో సదరం సర్టిఫికెట్ నిజంగా పనికొచ్చేది ఇక్కడే, వికలాంగుడినని చూపించుకోవడానికి.

డబ్బు ఎక్కువగా పోయేది ఈ దశలోనే, అందుకే గట్టిగా చెబుతున్నాను. బకాయిల్లో వాటా ఇస్తానని రాసివ్వమనేవాళ్లు, ఖాళీ చెక్కు అడిగేవాళ్లు, "ఢిల్లీలో మనవాళ్లున్నారు" అనేవాళ్లు వస్తారు. మీ స్పర్శ్ పాస్‌వర్డ్ అడుగుతారు. ఇవ్వొద్దు. ఆ పాస్‌వర్డ్‌తో మీ ఫోన్ నంబరు మారిపోతే మీ పెన్షన్ ఖాతా మీ చేతిలో ఉండదు. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ పేరుతో ఫోన్ చేసి ఓటీపీ అడిగేవాళ్లకూ ఇదే జవాబు. ఏ పెన్షన్ ఆఫీసూ ఫోన్‌లో ఓటీపీ అడగదు. కొడుకునో కూతురినో పక్కన కూర్చోబెట్టుకుని స్పర్శ్ చూడండి, లేకపోతే కామన్ సర్వీస్ సెంటర్‌లో మీ కళ్లెదుటే చేయించుకోండి.

మంజూరైన తర్వాత సవరించిన పీపీఓ స్పర్శ్‌లో కనిపిస్తుంది. అందులో శాతం, ఎప్పటి నుంచి వర్తిస్తుంది, ఎంత కాలానికి అనే మూడూ ఉత్తర్వుతో సరిపోల్చండి. 50కి రౌండ్ చేయమని ఉత్తర్వులో ఉండి పీపీఓలో పాత 20 శాతమే పడితే, స్పర్శ్‌లోనే గ్రీవెన్స్ పెట్టి ఉత్తర్వు కాపీ జత చేయండి. ఇంతకాలం ఏ పెన్షనూ లేక ఈసీహెచ్ఎస్ కార్డుకు దూరమైన వాళ్లకు, డిజెబిలిటీ పెన్షన్ వచ్చాక ఆ అర్హత కూడా వస్తుంది. కొత్త పీపీఓ, డిశ్చార్జ్ బుక్ దగ్గర పెట్టుకుని ఆన్‌లైన్‌లో కార్డుకు దరఖాస్తు చేయండి. చికిత్సకు విజయవాడలోనూ గుంటూరులోనూ పాలీక్లినిక్‌లు ఉన్నాయి, ఇంటికి ఏది దగ్గరయితే దాన్ని ఎంచుకోండి.