అమెరికా ఫ్లైట్‌కి సూట్‌కేస్ మూసేముందు ఇవి చూసుకోండి

ముందు పవర్ బ్యాంక్ తీసి చేతి సంచిలో పెట్టండి, చెక్-ఇన్ పెట్టెలో అది అస్సలు ఉండకూడదు, ఎందుకంటే కింద లగేజీ గదిలో లిథియం బ్యాటరీ అంటుకుంటే ఎవరూ చూడరు, పైన అయితే సిబ్బంది వెంటనే ఆర్పగలరు. దాని సామర్థ్యం 100 వాట్ అవర్ల (Wh, అంటే అందులో పట్టే కరెంటు కొలత) లోపు ఉండాలి. 20000 ఎంఏహెచ్‌వి మామూలుగా 74 దగ్గర ఉంటాయి, కాబట్టి టెన్షన్ లేదు, కానీ అంకెలు చెరిగిపోయినది మాత్రం ఇంట్లోనే వదిలేయండి.

ఎండు కొబ్బరి వద్దు. అమ్మ ఎంత బతిమాలినా సరే! అందులో నూనె ఎక్కువ, తేలిగ్గా అంటుకుంటుంది.

ఆవకాయ, నెయ్యి చేతి సంచిలో పెడితే స్కానర్ దగ్గరే పోతాయి, అక్కడ 100 మి.లీ. దాటిన ద్రవాలు ఒప్పుకోరు, నూనె తేలే పచ్చడినీ అలాగే చూస్తారు. గట్టిగా ప్యాక్ చేయించి పెద్ద పెట్టెలో వేయండి. చికెన్, మటన్ పచ్చళ్లు మాత్రం ఎందులోనూ వద్దు, అమెరికాలో దిగాక తీసేసుకుంటారు. తిండి సామాను ఉందని ఫారంలోనో, అడిగినప్పుడో చెప్పేయండి, దాస్తే జరిమానా.

లైటర్, అగ్గిపెట్టె, బాణసంచా ఎక్కడా కుదరవు. కత్తెర, చాకు పెద్ద పెట్టెలోకి.

పక్కింటివాళ్లు ఇచ్చిన పార్సిల్ విప్పి చూడకుండా తీసుకెళ్లొద్దు, మొహమాటం వద్దు.