ఇంట్లోవాళ్లు, స్నేహితులు ఇచ్చినదానికి పన్ను పడుతుందో లేదో ఎలా తేల్చుకోవాలి?

తమ్ముడు ఇల్లు కొంటున్నాడని అక్క ఐదు లక్షలు పంపింది. ఆపరేషన్ చేయించుకున్న స్నేహితుడికి ఒకాయన లక్ష ఇచ్చి, మళ్లీ ఇవ్వక్కర్లేదన్నాడు. అక్క పంపిన ఐదు లక్షల మీద పైసా పన్ను లేదు. స్నేహితుడిచ్చిన లక్ష మాత్రం మొత్తానికి మొత్తం ఆదాయం లెక్కలోకి వస్తుంది. రెండిట్లోనూ ప్రేమే ఉంది, కానీ ఆదాయపు పన్ను చట్టం చూసేది వరసను. ఈ ఒక్క సంగతి ముందే తెలియక, ఏళ్ల తర్వాత నోటీసు వచ్చాక కాగితాల కోసం వెతుక్కునేవాళ్లు చాలామంది. వెతుకులాట అవసరం రాకుండా ఉండాలంటే ఈ క్రమంలో చూసుకోండి.

1. లెక్క పుచ్చుకున్నవారి వైపు నుంచి మొదలుపెట్టండి

మన దేశంలో ఇప్పుడు గిఫ్ట్ ట్యాక్స్ అనే విడి పన్ను లేదు. 1958 నాటి చట్టం ప్రకారం ఇచ్చినవారు పన్ను కట్టేవారు. 1998 అక్టోబర్ 1 నుంచి ఇచ్చిన బహుమతులకు ఆ చట్టం వర్తించడం లేదు. 2004 సెప్టెంబర్ నుంచి పద్ధతి తిరగబడింది: మినహాయింపు లేని బహుమతిని పుచ్చుకున్నవారి 'ఇతర ఆదాయం'గా లెక్కగడుతున్నారు. 1961 ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ 56లో ఉన్న ఈ నిబంధనలే 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే 2025 చట్టంలోకీ చాలావరకు అలాగే వచ్చాయి, సెక్షన్ నంబర్లు మాత్రం మారాయి.

2. వరస చూడండి, అదీ ఒకే దిక్కు నుంచి

అందరూ పొరపడేది ఇక్కడే. చట్టం దృష్టిలో 'బంధువు' ఇచ్చినదానికి ఎంతైనా పన్ను లేదు. అయితే మనం బంధువులనుకునే వాళ్లందరూ ఆ జాబితాలో లేరు.

పుచ్చుకునేవారి స్థానంలో మిమ్మల్ని పెట్టుకుని చూడండి. మీ భార్య లేదా భర్త, మీ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, మీ జీవిత భాగస్వామి తోబుట్టువులు, మీ అమ్మానాన్నల తోబుట్టువులు, మీ తాతలు, అమ్మమ్మ, నానమ్మ, తల్లిదండ్రులు, పిల్లలు, మనవలు, అలాగే జీవిత భాగస్వామికి ఆ నిలువు వరసలో ఉన్నవాళ్లు, ఇంకా వీళ్లందరి భార్యలు, భర్తలు. అందుకే మామగారు అల్లుడికిచ్చినా, అల్లుడు మామగారికిచ్చినా పన్ను లేదు. తోడల్లుడు, తోటికోడలు, బావమరిది కూడా జాబితాలో ఉన్నారు.

ఇప్పుడు మేనమామ సంగతి చూడండి. మేనమామ మేనల్లుడికి పది లక్షలిస్తే పన్ను లేదు, ఎందుకంటే ఆయన మేనల్లుడి తల్లికి తోబుట్టువు. అదే మేనల్లుడు పెద్దవాడై, సంపాదించి, తనను పెంచిన మేనమామకు పది లక్షలిస్తే అది మేనమామ ఆదాయం. తోబుట్టువుల పిల్లలు ఆయన జాబితాలో లేరు. ఇది అన్యాయమనే నా అభిప్రాయం, కానీ చట్టం రాసిన తీరు అదే. మేనల్లుడు ఆ డబ్బు ముందు తన తల్లికిస్తే, ఆమె తన సొంత నిర్ణయంతో అన్నదమ్ముడికి ఇచ్చుకోవచ్చు. అయితే పన్ను తప్పించడానికే ఇలా తిప్పారని అధికారి ప్రశ్నించే అవకాశం ఉందని మరవద్దు.

పెదనాన్న కొడుకు, పిన్ని కూతురు, మేనత్త కొడుకు, వియ్యంకుడు, భార్య తరఫు మేనమామ: వీళ్లెవరూ చట్టం చెప్పే బంధువులు కారు.

3. బంధువు కాకపోతే ఏమిచ్చారో, ఎంతో చూడండి

డబ్బయితే ఏడాది మొత్తంలో అందరి దగ్గరా కలిపి 50,000 రూపాయల వరకు పన్ను లేదు. దాటితే పైన ఉన్నది మాత్రమే కాదు, మొత్తం ఆదాయమే. ఇద్దరు స్నేహితులు చెరో 25,000 ఇస్తే ఏమీ లేదు, మూడోవాడు వెయ్యి ఇచ్చాడంటే మొత్తం 51,000 మీద పన్ను లెక్కే.

నగలు, బంగారం, షేర్లు, చిత్రాలు, శిల్పాలు, 2022 నుంచి క్రిప్టో వంటి డిజిటల్ ఆస్తులు: వీటి మార్కెట్ విలువకూ అదే 50,000 హద్దు, డబ్బుతో కలపకుండా విడిగా. కారు, ఫోన్, ఫ్రిజ్ ఈ జాబితాలో లేవు.

ఇల్లు, స్థలం ఉచితంగా వస్తే రిజిస్ట్రేషన్ శాఖ విలువ 50,000 దాటితే ఆ విలువంతా ఆదాయం. తక్కువ ధరకు రాయించుకున్నా ఊరుకోరు. తేడా 50,000 గానీ, మీరిచ్చిన ధరలో 10 శాతం గానీ, ఏది ఎక్కువైతే దాన్ని మించితే ఆ తేడా మీ ఆదాయం. 60 లక్షల ప్రభుత్వ విలువున్న ఇంటిని స్నేహితుడు 40 లక్షలకు రాసిస్తే 20 లక్షలు మీ రిటర్నులో చూపాలి.

4. సందర్భం చూడండి

పెళ్లికి వధూవరులకు వచ్చినదానికి, ఎవరిచ్చినా ఎంతైనా, పన్ను లేదు. వాళ్ల తల్లిదండ్రుల చేతికి వచ్చినదానికి ఈ మినహాయింపు లేదు, కాబట్టి కవర్ల మీద పేరు వధూవరులదే ఉండేలా చూడండి, చదివింపుల పుస్తకం దాచండి. గృహప్రవేశానికి, పుట్టినరోజుకు, షష్టిపూర్తికి మినహాయింపు లేదు. వీలునామా ద్వారా, వారసత్వంగా వచ్చినదానికి పన్ను లేదు.

5. ఇచ్చినవారి మీద పడే భారం మరవద్దు

భార్యకు భర్త పది లక్షలిచ్చి ఎఫ్‌డీ వేయిస్తే, ఆ పది లక్షల మీద పన్ను లేదు. వచ్చే వడ్డీ మాత్రం భర్త ఆదాయంలో కలుస్తుంది. అత్తామామలు కోడలికిచ్చినా ఇంతే, వడ్డీ ఇచ్చిన అత్తామామల ఆదాయంలో కలుస్తుంది. ఆ వడ్డీని మళ్లీ మదుపు చేస్తే దాని మీద వచ్చేది మాత్రం పుచ్చుకున్నవారిదే. మైనర్ పిల్లల పేర పెడితే రాబడి తల్లిదండ్రుల్లో ఎక్కువ ఆదాయం ఉన్నవారి లెక్కలోకి వెళ్తుంది. పెద్దయిన పిల్లలకు, అమ్మానాన్నలకు ఇస్తే ఈ కలపడం ఉండదు.

6. కాగితం రాయండి

ఇంట్లోవాళ్ల మధ్య కాగితమేమిటని మొహమాటపడకండి. తెల్ల కాగితం మీదైనా ఇచ్చినవారి, పుచ్చుకున్నవారి పేర్లు, పాన్ నంబర్లు, వరస, తేదీ, మొత్తం, ప్రేమతో ఇస్తున్నానని, తిరిగి అడగనని రాసి ఇద్దరూ సంతకం చేయండి. డబ్బు బ్యాంకు ద్వారానే పంపండి. ఒకే వ్యక్తి నుంచి ఒకే రోజు, లేదా ఒకే సందర్భంలో, 2 లక్షలు లేదా అంతకు మించి నగదు పుచ్చుకుంటే అంతే మొత్తం జరిమానా పడవచ్చు. తోబుట్టువైనా, పెళ్లి కానుకైనా దీనికి మినహాయింపు లేదు. ఇచ్చినవారికి ఆ డబ్బు ఎక్కడిదో చూపగలిగే బ్యాంకు స్టేట్‌మెంటు కూడా దగ్గర పెట్టుకోండి. నిజానికి అప్పు అయితే అప్పనే రాయండి. 20,000 లేదా అంతకు మించిన అప్పు నగదుగా తీసుకోకూడదు.

స్థిరాస్తికి తెల్ల కాగితం చాలదు. 1882 ఆస్తి బదిలీ చట్టం ప్రకారం ఇద్దరు సాక్షులతో దస్తావేజు రిజిస్టర్ చేయించాలి, దాత బతికుండగానే పుచ్చుకున్నవారు అంగీకరించాలి. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. అందుకే పిల్లలకు ఇల్లు రాసిచ్చే తల్లిదండ్రులకు చేతులు జోడించి చెబుతున్నాను: జీవితాంతం మా పోషణ చూడాలన్న షరతును దస్తావేజులోనే రాయించండి. ఆ షరతు తప్పితే 2007 నాటి వృద్ధుల సంరక్షణ చట్టం, సెక్షన్ 23 కింద దస్తావేజును రద్దు చేయమని ట్రిబ్యునల్‌ను అడగవచ్చు. షరతు కాగితంపై లేకపోతే పోరాటం బరువవుతుంది.

7. రిటర్నులో చూపండి, పాత దస్తావేజు దాచండి

పన్ను పడే బహుమతిని ఇతర ఆదాయం కింద చూపాలి. పన్ను లేని పెద్ద మొత్తాన్నీ మినహాయింపు ఆదాయాల పట్టికలో రాయడం మంచిది, అప్పుడు ఖాతాలో కనిపించే సొమ్ముకు లెక్క దొరుకుతుంది.

నాన్న 2005లో 8 లక్షలకు కొన్న స్థలాన్ని కూతురికిచ్చారనుకోండి. రేపు ఆమె అమ్మితే మూలధన లాభానికి కొన్న ధర ఆ 8 లక్షలే, కొన్న ఏడు 2005. కాబట్టి గిఫ్ట్ దస్తావేజుతో పాటు నాన్న పేరున్న పాత దస్తావేజు, స్థలంలో ఏదైనా కట్టించి ఉంటే ఆ బిల్లులు కూడా అడిగి తీసుకోవాలి.