మీకిష్టమైన గేమ్ స్టూడియోని పెద్ద కంపెనీ కొనేసిందా? ఇలా చేయండి

వార్త రాగానే మా కూకట్‌పల్లి బ్యాచ్ గ్రూపులో సగం మంది "గేమ్ గోవిందా" అంటారు, మిగతావాళ్లు "డబ్బులొచ్చాయిగా, ఇక దున్నేస్తారు" అంటారు. మీరు మాత్రం ముందు ఓ ఇరానీ చాయ్ తాగండి.

కోపంతో నెగటివ్ రివ్యూలు కొట్టి లాభం లేదు. 2019లో రాకెట్ లీగ్ గేమ్ తీసిన సైయోనిక్స్‌ని ఫోర్ట్‌నైట్ కంపెనీ ఎపిక్ కొంటోందని తెలియగానే స్టీమ్‌లో (పీసీ గేములు అమ్మే ఆన్‌లైన్ షాపు) ఆ గేమ్ మీద అవి కుప్పలుగా పడ్డాయి, అయినా డీల్ ఆగలేదు. 2020లో గేమ్ ఫ్రీ అయింది, కానీ స్టీమ్‌లో కొత్తవాళ్లకి దొరకడం ఆగిపోయింది, ముందే కొన్నవాళ్లు అక్కడే ఆడుకున్నారు. అందుకే ఎలాగూ కొనాలనుకున్న గేమైతే ఇప్పుడే కొనేయండి. రాబోయే గేమ్‌కి ప్రీఆర్డర్ మాత్రం వద్దు.

అసలు పని అకౌంట్‌ది. మైన్‌క్రాఫ్ట్ తీసిన మోజాంగ్‌ని మైక్రోసాఫ్ట్ 2014లో 250 కోట్ల డాలర్లకి కొంది; ఏళ్ల తర్వాత పాత మోజాంగ్ అకౌంట్లని మైక్రోసాఫ్ట్ అకౌంట్లుగా మార్చుకోమంది, 2023లో గడువు ముగిశాక మార్చుకోనివాళ్లు మైన్‌క్రాఫ్ట్ మళ్లీ కొనుక్కోవాల్సిందే. నాదీ అదే గతి, కాలేజీ మెయిల్ ఐడీతో తెరిచిన అకౌంట్ మరి! కాబట్టి మీ మెయిల్ ఇంకా పనిచేస్తోందో లేదో ఈ రాత్రే చూసుకోండి, బిల్లులు, సేవ్ ఫైళ్లు వేరేచోట దాచుకోండి.

తర్వాత సీనియర్ డెవలపర్లు ఎవరెవరు వెళ్లిపోతున్నారో గమనిస్తూ ఉండండి, కంపెనీ ప్రకటనల కన్నా అదే ఎక్కువ చెప్తుంది. మంచి గేమ్ తీసినంత మాత్రాన గ్యారంటీ లేదు: హైఫై రష్ గేమ్ తీసి మెప్పించిన టాంగో స్టూడియోనే మైక్రోసాఫ్ట్ 2024లో మూసేస్తామంది, చివరికి పబ్‌జీ కంపెనీ క్రాఫ్టన్ తీసుకుంది.